ఎడమ చేతికి సరిపడే కెమెరా

"వస్తానే. కానీ ఒక షరతు. వెళ్లిన చోటల్లా నన్ను సామానులా ఓ పక్కన నిలబెట్టి ఫొటోలు తీస్తే ఊరుకోను. ఫొటోలు నేను తీస్తాను."

అక్క ఈ మాట అన్నప్పుడు చెల్లెలు ఇస్త్రీ చేస్తోంది. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి అక్క మొహంలోకి చూసింది. వేళాకోళం కాదు.

అక్కకి పక్షవాతం వచ్చి ఏడాదిన్నర అయింది. కాలు దారికొచ్చింది, మూతి సరైంది. కుడి చెయ్యి మాత్రం ఎంత పిలిచినా పలకని మనిషిలా భుజం నుంచి అలా వేలాడుతూ ఉండిపోయింది. పాతికేళ్లు స్కూల్లో డ్రాయింగ్ టీచరుగా పనిచేసిన చెయ్యి అది. అప్పటినుంచీ అక్క గుమ్మం దాటింది ఆస్పత్రికే. చెల్లెలు అదే భవనంలో పై అంతస్తులో ఉంటుంది. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసి ఈ మధ్యనే రిటైరైంది. అయిన మర్నాడే పది రోజుల ప్రయాణానికి రైలు టికెట్లు తెచ్చి అక్క ముందు పెట్టింది. కొండలు, సరస్సు, పడవలు. మూడు వారాలు బతిమాలాక అక్క నోటి నుంచి వచ్చిన మొదటి "వస్తాను" ఇదే.

"అయితే నీ ఫోన్‌తో తీద్దువుగాని" అంది చెల్లెలు.

"ఫోన్ వద్దే తల్లీ. చేతిలోకి తీసుకుంటే చాలు, మందు వేసుకున్నావా అని ఎవరో ఒకరు అడుగుతారు. పైగా పట్టుకునేదీ నొక్కేదీ ఒకటే చెయ్యి. ఇప్పటికి రెండు పగలగొట్టాను."

అంటే కెమెరా కావాలి. చిన్నది, తేలికైనది, ఒంటి చేత్తో వాడగలిగేది. విషయం ఆదివారం పొద్దుటికల్లా తమ్ముడి దాకా వెళ్లింది. తమ్ముడు బీమా ఆఫీసులో పెద్ద ఉద్యోగి. కెమెరాల పిచ్చి ముదిరి ఇంట్లో అందరూ అతన్ని మెగాపిక్సెల్ అనే పిలుస్తారు. భుజాన పెద్ద సంచీ వేసుకుని దిగాడు. అందులోంచి మూడు లెన్సులు, రెండు కెమెరాలు తీసి సోఫా మీద పరిచాడు.

"పెద్దక్కా, ఇది పట్టుకో. దీంతో తీస్తే చంద్రుడి మీద గుంటలు కూడా లెక్కపెట్టొచ్చు."

అక్క ఎడమ చేత్తో పట్టుకుంది. రెండు క్షణాల్లో మణికట్టు వాలిపోయింది. చెల్లెలు కింద చెయ్యి పెట్టి ఉండకపోతే కెమెరా నేల మీద పడేదే.

"చంద్రుడి సంగతి తర్వాత చూద్దాంలేరా" అంది అక్క. "ముందు నా ఎదురుగా ఉన్న మనిషిని తీయనీ."

మర్నాడు ముగ్గురూ పెద్ద వీధిలో ఉన్న అద్దాల షాపుకి వెళ్లారు. సేల్స్ కుర్రవాడు చురుకైనవాడే. కానీ అక్క కుడి చెయ్యి చూసిన దగ్గర్నుంచీ ప్రతి మాటా చెల్లెలితోనే మాట్లాడాడు. పది నిమిషాలయ్యాక గొంతు తగ్గించి, "ఆవిడకి ఎందుకు మేడం శ్రమ? మీరు తీయండి. ఆవిడ హాయిగా కూర్చుంటారు" అన్నాడు.

"బాబూ, నేనిక్కడే ఉన్నాను" అంది అక్క. "చెయ్యే పడిపోయింది, చెవులు బాగానే ఉన్నాయి."

చెల్లెలు గొడవకి సిద్ధమైంది. నోరు తెరిచేలోగా అక్క తలుపు దగ్గరికి నడవడం చూసి, చేతిలో ఉన్న డబ్బా కౌంటర్ మీద పెట్టి వెనకే వెళ్లింది. బయట మూసి ఉన్న షాపు మెట్టు మీద అక్క కూర్చుంది. ఆయాసంగా ఉంది. ఇక ఇంటికి పోదామంటుంది, టికెట్లు వెనక్కి ఇచ్చేయమంటుంది అనుకుంది చెల్లెలు.

అక్క చెంగుతో మొహం తుడుచుకుని, "ఇంకో షాపేదైనా ఉందా?" అంది.

ఉంది. వెనక సందులో, పాత కెమెరాలు బాగుచేసి అమ్మే ఒక ఇరుకు గది. ముప్ఫై ఏళ్ల క్రితం ఆస్పత్రి వాళ్లు అక్కడ ఎక్స్‌రే ఫిల్ములు కొనే రోజుల నుంచీ చెల్లెలికి ఆ దారి తెలుసు. అప్పట్లో ముసలాయన ఉండేవాడు. ఇప్పుడు ఆయన కూతురు కూర్చుని ఉంది. నలభై ఏళ్లుంటాయి, నుదుటి మీద భూతద్దం కట్టుకుని ఏదో లెన్సు విప్పుతోంది. అద్దం పైకి నెట్టి, స్టూలు జరిపి, సూటిగా అక్కనే అడిగింది.

"చెప్పండమ్మా. ఏం తీద్దామనుకుంటున్నారు?"

అక్క ఆవిడ చేతిలోని లెన్సు వైపు చూసింది. "మనుషుల్ని. పనిచేసుకునే మనుషుల్ని."

"కుడి చెయ్యి అస్సలు సాయం రాదా?"

"రాదు."

"అయితే ఇబ్బందే. కెమెరాలన్నిటికీ బొత్తం కుడివైపే ఉంటుంది. అయినా చూద్దాం." ఆవిడ అరలోంచి ఐదు చిన్న కెమెరాలు తీసి బల్ల మీద గుడ్డ పరిచి వరసగా పెట్టింది.

ఇక్కడ చెల్లెలు రంగంలోకి దిగింది. చెయ్యి ఎత్తలేనివాళ్లనీ మెడ తిప్పలేనివాళ్లనీ ఆమె రోజుకి అరవై మందిని చూసింది. ఎప్పుడూ ఎవర్నీ విరగదీసి ఎక్స్‌రే బల్లకి సరిపెట్టలేదు. బల్లనే వంచింది, దిండ్లు పెట్టింది, ట్యూబు తిప్పింది. ఇప్పుడూ అదే పని. తన కుడి చెయ్యి వీపు వెనక్కి పెట్టుకుంది.

"సంచీలోంచి తీయాలి, తెరవాలి, ఫొటో కొట్టాలి, మూయాలి, మళ్లీ సంచీలో పెట్టాలి. అన్నీ ఎడమ చేత్తోనే, నిలబడే. దేనికీ ఆనుకోకూడదు. ఒరేయ్, నువ్వు కూడా చెయ్యి వెనక్కి పెట్టు."

"నేనెందుకు?"

"పెట్టమన్నానా!"

తమ్ముడు పెట్టాడు. మొదటి కెమెరాకి తెర మీద వేలు ఆనిస్తే ఫొటో పడుతుంది. బాగానే ఉంది కానీ, మిగతా వేళ్లన్నీ లెన్సుకి అడ్డం వచ్చాయి. రెండోదాని మూత మొండిది, గోరు విరిగేలా ఉంది. మూడోది సబ్బుబిళ్లలా జారి తమ్ముడి చేతిలోంచి గుడ్డ మీద పడింది. చంద్రుడి గుంటలు లెక్కపెట్టే మనిషి అరచేతిలో పట్టే కెమెరాతో తంటాలు పడుతుంటే షాపావిడ నవ్వు ఆపుకోవడానికి మళ్లీ భూతద్దం దించుకుంది.

అక్క నవ్వలేదు. నాలుగో కెమెరాని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పుతోంది. తిప్పి తిప్పి, దాన్ని తలకిందులు చేసింది. బొత్తం ఇప్పుడు ఎడమవైపు కిందికి వచ్చింది. బొటనవేలు దాని మీద సరిగ్గా కూర్చుంది. మిగతా వేళ్లు పైన ఆనాయి.

"పెద్దక్కా, తిరగేశావు" అన్నాడు తమ్ముడు.

"తెలుసురా."

"ఫొటో తలకిందులుగా వస్తుంది!"

"తెరలో నువ్వు నిలువుగానే ఉన్నావు. పక్కన అక్షరాలే తలకిందులుగా ఉన్నాయి."

షాపావిడ లేచి వచ్చి అక్క భుజం మీదుగా చూసింది. "నిజమేనమ్మా. కెమెరాతో పాటు తెర కూడా తిరిగింది కదా, బొమ్మ సరిగ్గానే కనిపిస్తుంది. తీశాక మాత్రం తిరగబడి ఉంటుంది. కంప్యూటర్లో ఒక్క నొక్కు నొక్కితే సరి."

అక్క నొక్కింది. ఫొటో పడలేదు. లెన్సు ముందుకి సాగి తమ్ముడి ముక్కు తెరంతా నిండింది. బొత్తం చుట్టూ ఉన్న జూమ్ మీట బొటనవేలికి తగిలి తిరిగిపోతోంది. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ ముక్కే.

"ఇంత ముక్కు నేను భరించలేను" అంది అక్క.

షాపావిడ ఐదోదాన్ని కాస్త మొహమాటంగా ముందుకు జరిపింది. "దీనికి జూమ్ లేదమ్మా. అందుకే ఎవరూ అడగరు. ముందున్న మూత పక్కకి తోస్తే ఆన్ అవుతుంది, మూసేస్తే ఆఫ్. బొత్తం ఒక్కటే, పెద్దది. చార్జింగుకి వైరు గుచ్చితే చాలు, బ్యాటరీ బయటికి తీయక్కర్లేదు."

"జూమ్ లేకుండా ప్రయాణాలకా?" తమ్ముడు చెయ్యి వెనక్కి పెట్టుకోవడం కూడా మరిచిపోయాడు. "కొండ మీద గుడిసె కనిపిస్తుంది. దగ్గరగా తీయాలనుకుంటావు. అప్పుడేం చేస్తావు?"

"దగ్గరికి నడుస్తాను" అంది అక్క.

తమ్ముడు ఇంకేదో అనబోయి చిన్నక్క మొహం చూశాడు. చెల్లెలు గోడకున్న క్యాలెండరు వైపు తిరిగింది. ఏడాదిన్నరగా వంటింటి నుంచి వసారా దాకా నడవమంటేనే విసుక్కున్న మనిషి మరి.

అక్క బొటనవేలితో మూత తోసి, కెమెరా తిరగేసి, షాపావిడ వైపు పెట్టింది. మొదటిది అలుక్కుపోయింది. రెండోది నిలబడింది. నుదుటి మీద భూతద్దం, అందులో చిన్నగా కిటికీ, కింద పనిలో అలిసిన రెండు కళ్లు. షాపావిడ తన ఫొటోని చాలాసేపు చూసుకుంది. తర్వాత ఒక చిన్న రబ్బరు ముక్క కత్తిరించి, వేళ్లు జారకుండా కెమెరా అడుగున అంటించింది. మణికట్టుకి వేసుకునే తాడు కూడా కట్టింది.

"ఇదే" అంది అక్క. చెల్లెలు తలూపింది. మెగాపిక్సెల్ అభిప్రాయం ఎవరూ అడగలేదు.

ప్రయాణానికి ఎనిమిది రోజులుంది. మొదటి రోజు తీసిన ఇరవై ఫొటోల్లో పదిహేడు బొటనవేలివే. చెల్లెలు పక్కన నిలబడి, "ఊపిరి బిగపట్టు. ఇప్పుడు నొక్కు. వదులు" అంటూ ఉంటే అక్కకి చిర్రెత్తింది.

"నేనేమైనా నీ పేషెంటునా? పైకి పో."

చెల్లెలు పైకి పోయింది. మెట్ల మీద కూర్చుని వింది. కింద టక్కు టక్కుమని మూత తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. మూడో రోజుకి ఆ చప్పుడు వేగం పెరిగింది. ఆరో రోజుకి అక్క కిటికీలోంచి చాకలాయన్నీ పాలావిడనీ పిలిచి మరీ తీస్తోంది.

రైల్లో అక్క పెద్దగా తీయలేదు. కొండల్లోనూ కొంచెం దిగాలుగానే ఉంది. కొండలు కదలవు, వాటిని తీస్తే ఏముంది అంది. ఐదో రోజు సరస్సు దగ్గర పడవ కోసం ఎదురుచూస్తున్నప్పుడు చెల్లెలు అక్కని చెక్కబల్ల మీద కూర్చోబెట్టి నీళ్లు తేవడానికి వెళ్లింది. వెనక్కి వచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది.

చేతిసంచీ ఉంది. అక్క లేదు.

చెల్లెలు టికెట్లు ఇచ్చే కిటికీ దగ్గర అడిగింది, కాఫీ అమ్మేవాణ్ణి అడిగింది. "ఒక చెయ్యి పని చెయ్యదు, నెమ్మదిగా నడుస్తుంది" అని చెబుతుంటే తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. పడవ ఒకసారి కూత పెట్టింది. జనం ఎక్కుతున్నారు. ఒడ్డు వెంబడి చూస్తే, వంతెన దాటాక, నేల మీద పరిచిన వలల మధ్య అక్క చీర రంగు కనిపించింది. అక్కడికి చెక్కమెట్లు పదిహేనో ఇరవయ్యో దిగాలి.

చెల్లెలు పరుగులాంటి నడకతో దిగింది. తిట్టడానికి మాటలన్నీ సిద్ధం చేసుకుంది. రెండు అడుగుల దూరంలో ఆగిపోయింది.

వల అల్లే ముసలాయన పీట మీద కూర్చుని ఉన్నాడు. అక్క ఆయన ఎదుట మోకాళ్ల మీద ఉంది.

"గడ్డం కొంచెం దించండి. నా వైపు చూడొద్దు, మీ పని చూసుకోండి. ఊఁ, ఆ చేతులు అలాగే ఉంచండి."

అది స్కూల్లో ముప్ఫై మంది పిల్లల్ని ఒక్క మాటతో కూర్చోబెట్టిన గొంతు. చెల్లెలు ఆ గొంతు మరిచిపోయింది. ముసలాయన బుద్ధిగా గడ్డం దించాడు. టక్. ఇంకొకటి. టక్.

పడవ రెండోసారి కూత పెట్టి కదిలింది.

"అక్కా, పడవ వెళ్లిపోయింది."

అక్క తలెత్తింది. "వెళ్లనీలే, ఇంకోటి రాదూ? ఇటు రా, నన్ను లేపు. మోకాళ్లు పట్టేశాయి."

ఇంకో పడవ గంటన్నరకి గానీ రాలేదు. ఆ గంటన్నరా అక్కాచెల్లెళ్లు ముసలాయనతో వలల పక్కనే కూర్చున్నారు. ముసలాయన తెరలో తన చేతుల్ని చూసుకుని, "ఇవి నావేనా? మా నాన్న చేతుల్లా ఉన్నాయే" అన్నాడు. ఫొటో పంపుతారా అని అడిగాడు. ఫోన్ లేదు ఆయనకి. కాగితం మీద అడ్రసు రాసిచ్చాడు. అక్క దాన్ని మడిచి రవికలో దాచుకుంది.

ఇంటికొచ్చిన వారానికి తమ్ముడు ఫొటోలన్నీ తిన్నగా తిప్పి పెట్టాడు. సగానికి పైగా ఒరిగిపోయాయి. బొటనవేళ్లు ఇంకా ఉన్నాయి. వలాయన చేతుల ఫొటో దగ్గర మాత్రం అతను ఆగి, "పెద్దక్కా, దీన్ని పెద్ద సైజులో వేయిద్దాం" అన్నాడు. రెండు కాపీలు వేయించాడు.

కవరు మీద అడ్రసు రాయబోతున్న చెల్లెలి చేతిలోంచి అక్క పెన్ను లాక్కుంది. పక్షవాతం వచ్చాక ఆమె పెన్ను పట్టడం అదే మొదటిసారి. ఎడమ చేత్తో, పాత నోటుపుస్తకంలో రెండు రోజులు అదే అడ్రసు రాసింది. మొదట అక్షరాలు గీతలు దాటి కిందికి జారిపోయాయి. రెండో రోజు సాయంత్రానికి, ఒకటో తరగతి పిల్ల రాతలా పెద్దగా గుండ్రంగా, గీత మీద నిలబడ్డాయి. అప్పుడు కవరు మీద రాసింది.

పోస్టాఫీసుకి ఇద్దరూ నడిచే వెళ్లారు. కిటికీ వెనక గుమస్తా కవరు అందుకుని, కళ్లజోడు సర్దుకుని, అడ్రసు పైకి చదివాడు. పేరు, వీధి, ఊరు. ఒక్క అక్షరం కూడా తడబడలేదు. ముద్ర వేసి పక్కన పడేశాడు.

"ఇంకేమైనా కావాలా అమ్మా?"

"నాలుగు కవర్లు ఇవ్వండి" అంది అక్క. "పెద్దవి."