రిబ్బను ఆగిన చోట

నా భార్య పోయి ఆరు వారాలైంది. మందిరంలో ఇప్పటికీ నన్ను "సిస్టర్‌గారి భర్త" అనే అంటున్నారు. తప్పు వాళ్ళది కాదు. ఇరవై ఆరేళ్ళు ఆవిడ పక్క కుర్చీలో కూర్చోవడం తప్ప నేను అక్కడ వెలగబెట్టింది ఏమీ లేదు. ఆవిడ పాడేది, ఆసుపత్రుల్లో ఉన్నవాళ్ళను చూసి వచ్చేది, కదల్లేని పన్నెండు మందికి ఫోన్ చేసి బైబిలు చదివి వినిపించేది. "దేవుడు ఆమెను ఎంత వాడుకుంటున్నాడో" అనేవారు అందరూ. నేను తలూపేవాణ్ణి. నాది కళ్ళజోళ్ళు బాగుచేసే షాపు. సొరుగులో ఏ ఫ్రేముకీ సరిపోని స్క్రూలు ఒక డబ్బాడు ఉన్నాయి. పారేయబుద్ధి కాదు, పనికీ రావు. దేవుడు నన్నూ అలాంటి డబ్బాలోనే పడేసి ఉంటాడని అనుకునేవాణ్ణి.

ప్రయత్నం చేయలేదని కాదు. ఒకసారి ప్రార్థన కూడికలో పాస్టరుగారు ఉన్నట్టుండి "బ్రదర్, మీరు ప్రార్థించండి" అన్నారు. లేచి నిలబడ్డాను. నోట మాట రాలేదు. ఫ్యాను చప్పుడు మాత్రం బాగా వినిపించింది. చివరికి "ఆమెన్" అని కూర్చున్నాను. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ రోజు నుంచి మా ఆవిడకు నేను "ఆమెన్‌గారు" అయిపోయాను. "ఆమెన్‌గారూ, గొడుగు మర్చిపోయారు" అని వీధి వీధంతా వినపడేలా అరిచేది. నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆ పిలుపు కోసం ప్రాణం కొట్టుకుపోతోంది. ఇంటికి వెళ్తే పిలిచేవాళ్ళు లేరు. పొద్దున్నే రెండు కప్పులు తీయడం, ఒకటి మళ్ళీ అరలో పెట్టడం, ఇదే నా పని.

ఆవిడ ఫోను తెచ్చివ్వమని స్త్రీల సమాజం అధ్యక్షురాలు అడిగింది. అందులోని పన్నెండు మందినీ వాళ్ళు తలా ఇద్దరు చొప్పున పంచుకుంటారట. మంచి ఆలోచనే. ఆదివారం ఫోను ఇచ్చేసి, ఆ పైన మందిరానికి వెళ్ళడం మానేద్దామని తేల్చుకున్నాను. ఆవిడ లేకుండా నాకక్కడ ఏం పని? ఒక కుర్చీ ఖాళీ అయింది, రెండోది కూడా అవుతుంది. ఎవరూ పట్టించుకోరు.

ఆ ఆదివారానికి ముందు గురువారం ఫోను మోగింది. తెరమీద "గురువారం అమ్మగారు" అని వచ్చింది. అయిదు వారాలుగా ప్రతి గురువారం సరిగ్గా పదకొండింటికి ఇదే పేరు. అన్నిసార్లూ మోగి మోగి అదే ఆగేదాకా చూస్తూ కూర్చున్నాను. ఈసారి ఆవగింజంత స్క్రూ బిగిస్తున్నాను. ఉలిక్కిపడేసరికి అది ఎగిరి ఎక్కడో పడింది. కోపంగా ఫోను ఎత్తాను.

"ఆవిడ లేదమ్మా, పోయింది. ఇంక ఈ నెంబరుకి చేయకండి."

"తెలుసు నాయనా. నన్ను చూసుకునే నర్సమ్మ అప్పుడే చెప్పింది." ముసలి గొంతు, తొణక్కుండా ఉంది.

"తెలిసీ ఎందుకు చేస్తున్నారు?"

"మోగుతుందో లేదో చూద్దామని. మోగుతోందంటే ఎవరో ఛార్జింగ్ పెడుతున్నట్టేగా. ఆ ఇంట్లో ఇంకా ఒకరున్నారులే అనుకునేదాన్ని. ఇంతకీ మీరు ఆమెన్‌గారేనా?"

ఆ పేరు బయటివాళ్ళకు తెలుసని నాకు తెలియదు. నా గురించి మా ఆవిడ ఎవరితోనైనా మాట్లాడేదనీ తెలియదు. కళ్ళనీళ్ళు ఆగలేదు. ఎలాగో "అవునండి" అన్నాను.

"అయితే చదువు. ఆరు వారాలైంది మంచి మాట విని."

"నాకు ప్రార్థన చేయడం రాదండి."

"నేను చేయమన్నానా? అది నాకొచ్చు. చదవడమే కుదరదు, చూపు పోయి నాలుగేళ్ళయింది. నీకు కళ్ళున్నాయా లేవా?"

"కళ్ళజోళ్ళ షాపండి నాది."

"ఇంకేం, జోడు పెట్టుకుని కూర్చో."

గురువారాలు మా ఆవిడ షాపులోనే, అద్దాలు అరగదీసే మిషను పక్కన కూర్చుని చదివేది. నేను పనిలో ఉండేవాణ్ణి, ఏం చదివేదో వినలేదు. ఆవిడ బైబిలు అక్కడే అరలో ఉంది. ఆరు వారాలుగా దాన్ని ముట్టుకోలేదు. ఎర్ర రిబ్బను ఉన్న చోట తెరిచి మొదలుపెట్టాను.

అన్నీ పేర్లే. ఫలానావాడి కొడుకు ఫలానావాడు, వాడి కొడుకు ఇంకొకడు. నోరు తిరగని పేర్లు. పది పేర్లు చదివేసరికి పొరపాటు తెలిసింది. చూపు లేని మనిషి ఓదార్పు కోసం ఫోన్ చేస్తే నేను హాజరు పట్టీ చదువుతున్నాను! వేరే చోటు వెతుకుదామంటే ఏది ఎక్కడుంటుందో తెలియదు. పైగా మా ఆవిడ ఆగింది అక్కడ. దాటి వెళ్ళడానికి మనసు రాలేదు. చెమటలు కక్కుతూ చదివాను. మందిరం గుమ్మాల దగ్గర కాపలా ఉన్నవాళ్ళ పేర్లు, గిన్నెలు లెక్కపెట్టి బయటికి తీసి మళ్ళీ లెక్కపెట్టి లోపల పెట్టేవాళ్ళ సంగతి, రొట్టెలు కాల్చేవాడి పేరు. అవతలనుంచి ఉలుకూ పలుకూ లేదు. నిద్రపోయిందనుకున్నాను.

"వింటున్నారా అమ్మగారూ?"

"గేటు దగ్గర వాళ్ళది మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను.

"ముప్ఫయ్యొక్కేళ్ళు స్కూలు గేటు దగ్గర పనిచేశాను నాయనా. పొద్దున్నే తాళం తీయడం, సాయంత్రం వేయడం. అందరూ దేవుడికి ఏదో ఒకటి చేస్తున్నారు, నేనేం చేశానని ఎప్పుడూ దిగులే. ఆయన గేటు దగ్గర వాళ్ళని కూడా పేరు పేరునా రాయించాడా?"

"రాయించాడమ్మా."

"రొట్టెలు కాల్చేవాణ్ణి కూడా?"

"వాణ్ణి కూడా."

ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. "మీ ఆవిడ బంగారం. కానీ పేర్లు వచ్చేసరికి పేజీలు తిప్పేసేది. కాగితాల చప్పుడు నాకు వినపడేది. అడగడానికి మొహమాటం. ఏం దాటేస్తోందో అని బెంగగా ఉండేది."

ఆరు వారాల్లో మొదటిసారి నవ్వాను. మా మహాతల్లి కూడా పేజీలు ఎగ్గొట్టేదన్నమాట! తర్వాత ముసలావిడ ప్రార్థించింది. నా కోసం, షాపు కోసం, ఎగిరిపోయిన స్క్రూ దొరకడం కోసం. చివర్లో ఆగింది.

"ఊఁ, నీ పని నువ్వు చెయ్యి."

"ఆమెన్" అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

బైబిలు మూసేముందు రిబ్బనును మా ఆవిడ పెట్టిన పేజీలోనే ఉంచాను. దాన్ని కదిపితే ఆవిడ నిజంగానే వెళ్ళిపోతుందేమోనని భయం వేసింది.

ఆదివారం కూడిక అయిపోయాక అధ్యక్షురాలు చెయ్యి చాపింది. పదకొండు మంది నెంబర్లు రాసిన కాగితం ఆ చేతిలో పెట్టాను.

"ఫోను?"

"నా దగ్గరే ఉంటుందండి. గురువారం అమ్మగారికి నేను చదువుతాను."

"మీకు ప్రార్థన చేయడం రాదు కదా బ్రదర్?" వెటకారం కాదు, నిజంగానే అడిగింది.

"రాదండి. ఆవిడకొచ్చు."

గురువారం పావు తక్కువ పదకొండుకే షట్టరు సగం దించి కూర్చున్నాను. పదకొండైంది. ఫోను మోగలేదు. అయిదు నిమిషాలు గడిచాయి. మనసు పరిపరివిధాల పోయింది. ఇంకొక్క నిమిషం చూసి, నేనే నెంబరు నొక్కాను. ఒక్క రింగుకే ఎత్తింది.

"ఆరు నిమిషాలు ఆలస్యం."

"మీరు చేస్తారని చూస్తున్నానండి. ఏమైందోనని గుండె ఆగినంత పనైంది."

"నేనెందుకు చేస్తాను? మీ ఆవిడ ఉన్నన్నాళ్ళూ తనే చేసేది. పని నీది అయ్యాక ఫోనూ నువ్వే చెయ్యాలి. సరే, ఎక్కడ ఆపావు?"

బైబిలు తెరిచాను. రిబ్బను ఉన్న చోటు దాటి అప్పటికే నాలుగు పేజీలు చదివేశాను. ఆరు వారాల పైన కదలకుండా ఉండి, అది కాగితం మీద సన్నటి గీతలా అచ్చు పడింది. ఆ గీతను కాసేపు వేలితో తడిమాను.

"ఇక్కడండి" అని, రిబ్బను తీసి కొత్త పేజీలో పెట్టి, తర్వాతి పేరు చదివాను.