చిట్టెం

ఆయుధపూజ పాయసానికి బెల్లం పాకం మీద తెట్టె తీస్తుంటే మా అత్త హులిగెమ్మ వంటింటి గడప దగ్గర నిలబడి, "ఈ పొద్దు కొట్టం కాడికి రావద్దు. కొత్త కొలిమి, తొలి పోత," అంది. మిగతాది చెప్పనక్కర్లేదు. మొగుడు పోయినదాన్ని ఎదురు పెట్టుకుని తొలి పోత పోయరు.

కర్నూలు రాజధాని అయిన ఏడాది అది. ఆదోనిలో మా ఇంటి ముందు కొట్టంలోనే ఇనుము పోతపని. ఇనుము కరిగితే పైన చిట్టెం తేలుతుంది. అది మూసలోకి దిగిందంటే పోత లోపల గుల్లబారుతుంది. మగవాళ్లు గరిటె వంచి పోస్తుంటే పొడుగు కడ్డీతో చిట్టేన్ని వెనక్కి ఆపడం నా వంతు. మా ఆయన నేర్పిన పని. ఆయన పోయాక కూడా నేనే చేస్తున్నాను గాని, దాన్ని పని అని ఎవరూ అనలేదు. "పాకం మీద తెట్టె తీసేదే కదా, ఆడోళ్ల చేతికి అలవాటే," అని నవ్వేవాడు మా మరిది మౌనాచారి. సెగకు నా కనుబొమలు కాలిపోయాయి. బొట్టు లేని ముఖానికి అవి మాత్రం ఎందుకని నేనూ ఊరుకున్నాను.

ఆ రోజు పూజ గంట వంటింట్లోకి వినబడింది. టెంకాయ పగిలింది. గరిటె మోయడానికే మనుషులు చాలరు, కడ్డీ ఎవరు పట్టుకుంటారు? పిలుస్తారేమోనని చేతులు కడుక్కుని కూర్చున్నాను. పిలవలేదు.

మర్నాడు మూస విప్పితే, ఎమ్మిగనూరు నూనె మిల్లుకు పోసిన పళ్ల చక్రం నిండా గుంతలు. సుత్తి తగలగానే పన్ను ఊడింది. "తలుపు సందులోంచి చూసినట్టుండావు," అంది అత్త. నేను చూడలేదు. నా చూపుకే ఇనుము గుల్లబారేటట్టయితే, ఇన్నేళ్లు దాని ముఖంలోకి చూస్తూ నిలబడ్డాను, ఒక్క చక్రమైనా నిలిచేదా?

సాయంత్రం మౌనాచారి వచ్చాడు. రేపు కొలిమికి మళ్లీ పూజ చేసి పోస్తారట, ఆ పోత కూడా చెడితే మిల్లు పని బళ్లారికి పోతుందన్నాడు. తల దించుకుని, "పూజ అయినాక వెనక దోవన రా వదినా. అమ్మకు తెలియనీయద్దు," అన్నాడు.

పొయ్యి మీద అన్నం పొంగుతోంది. నేను లేవలేదు.

"ముందు వాకిట్లోంచే వస్తా మౌనప్పా. మీ అమ్మ ఆడే కూసోవాల. టెంకాయ నేను కొడతా. లేదంటే కడ్డీ నువ్వే పట్టుకో."

తెల్లవారేసరికి వంటింటి గడప మీద పీచు వలిచిన టెంకాయ ఉంది. అది ఒక చేత, కడ్డీ ఒక చేత పట్టుకుని ముందు వాకిలి దిగాను. కొలిమి పక్కన కూర్చున్న అత్త నా ముఖంలోకి చూసింది. నేను ముఖం తిప్పుకోలేదు.