దిబ్బ మీద తాటి వరస

నేను ఒక గునపాన్ని. శ్రీకాకుళం తీరంలో ఒక బెస్తపల్లెలో, విరిగిన లంగరు ముక్కను కాల్చి సాగగొట్టి కమ్మరి నన్ను చేశాడు. కొత్తలో గురమ్మ భుజందాకా ఉండేవాణ్ని. ఇప్పుడు ఆమె నడుముకే వస్తాను.

గురమ్మ చేపలు ఎండబెట్టి సంతలో అమ్మేది. మొగుడు నరసయ్య వేటకు వెళ్లేవాడు. గాలి మళ్లిందంటే తీరందిబ్బ మీది ఇసుక ఊళ్లోకి నడిచొచ్చేది. గడపలు పూడేవి, బావి పూడేది, కూటిలో పళ్ల కింద కరకరలాడేది. మనుషులు దేవుణ్ని తిట్టుకుని, గుడిసె పీకి నాలుగు బారలు వెనక్కి వేసుకునేవారు. గురమ్మ కూడా రెండుసార్లు వేసుకుంది. మూడోసారి, "ఇంకెక్కడికి ఎల్తాం?" అని నన్ను భుజాన పెట్టుకుని దిబ్బెక్కింది.

తాటిపండ్ల రోజులు. ఊరంతా చీకి పారేసిన టెంకలు తట్టలకెత్తి, ఒక్క వానాకాలంలో ఆరువందలు పాతాం.

చలికాలం ఒక సాయంత్రం నరసయ్య పంచెలో కాల్చిన తేగలు మూటగట్టి తెచ్చాడు.

"తిను, వెన్నలాగున్నాయి."

"ఎక్కడివి మావా?"

"దిబ్బమీదవే. ఊరోళ్లందరూ తవ్వేత్తన్నారు. మనమే ఎనకబడిపోనాం."

గురమ్మ మూట పక్కకు జరిపింది. "ఇసక ఆపడానికి పాతాను మావా" అంది.

"తేగలకనుకున్నానే" అన్నాడతను, చేతిలోది కొరకలేక, పారేయలేక.

మర్నాడు దిబ్బంతా గుంటలే. ఆమె ఎవరితోనూ తగువు పడలేదు. మరుసటేడు ముందుగా చేపలు ఎండబెట్టే కళ్లం పక్కన వెయ్యి టెంకలు తేగల కోసం పాతర వేసి, ఆడవాళ్లను పిలిచింది. "ఇవి మీ పిల్లలు తినడానికి. దిబ్బమీదవి ఊరుకి. ఇక్కడ ఎంతైనా తవ్వుకోండి, అక్కడ సెయ్యెట్టకండి." కడుపు నిండాక మనుషులు మాట వింటారని నాకు అప్పుడే తెలిసింది. ఆ ఏడాది దిబ్బ మీద మళ్లీ టెంకలు పాతడానికి నన్ను పట్టుకున్నది నరసయ్య.

తాటికి తొందర లేదు. ఏళ్లు గడిచినా పిడికెడు ఆకులే. నరసయ్య పోయేనాటికి మాను మోకాలెత్తు లేచింది. గురమ్మ మాత్రం ఏటా ముందు పాతర వేసి, తర్వాత దిబ్బ మీద చచ్చిన మొక్కల చోట కొత్త టెంకలు పాతుతూనే ఉంది.

మొదటి టెంక పాతిన ముప్పయ్యో ఏట పెద్ద తుపాను వచ్చింది. ఊరంతా బడి మేడ మీదికెక్కింది. నన్ను గురమ్మ వెంట తీసుకెళ్లింది. తెల్లారి చూస్తే, ఉత్తరాన చెట్లులేని చోట సముద్రం దిబ్బను కోసేసి ఉప్పుమళ్లదాకా వెళ్లింది. ఊరి ముందు దిబ్బ నిలబడే ఉంది. పంతొమ్మిది చెట్లు కూలాయి. ఒకామె బావినీళ్లు తోడి దోసిట్లో రుచి చూసి, "తీపే" అంది.

నీరు తీశాక, కూలిన చెట్ల చోట పాతడానికి గురమ్మ టెంకల తట్టతో దిబ్బెక్కింది. రెండు గుంటలు తీసేసరికి ఆయాసపడింది. కళ్లం ఆడవాళ్లు వచ్చి ఆమె చేతిలోంచి నన్ను తీసుకున్నారు.

"ఎంత లోతు అత్తా?"

"మూరెడు."

ఒకరి తర్వాత ఒకరు తవ్వారు. గురమ్మ ఒక తాటిమానుకు వీపు ఆనించి, కాళ్లు చాపుకుని కూర్చుంది. ఇన్నేళ్లలో ఆమె ఆ నీడన కూర్చోగా నేను చూడటం అదే మొదలు.