సంత గోడ మీద అమ్మ ముఖం

చనిపోయినవాళ్ళు ఏటా మృతుల పండుగనాడు నిజంగా ఇంటికి వస్తారా అన్న అనుమానం నాకు ఏళ్ళుగా ఉంది. ఫొటోలోనో బొమ్మలోనో తమ ముఖం చూసి దారి పోల్చుకుంటారంటారు. అమ్మకు ఫొటో లేదు. సంత గోడ మీది పండుగ బొమ్మలో బంతిపూలు పట్టుకుని నిలబడ్డ ఆమె ముఖం ఒక్కటే మిగిలింది. ఈ ఏడు పురపాలక అధికారి దానిమీద టోపీ పెట్టుకున్న పుర్రెను వేయించాడు.

"పుర్రెలైతే టూరిస్టులు ఎగబడతారమ్మా," అన్నాడు.

"అయితే మీ అమ్మ ముఖం మీద వేయించుకో నాయనా, మేమూ ఎగబడతాం!" అన్నాను.

ఆ బొమ్మ మొదట వేసిన ముసలి ఎవేలియో ఈ మాట విని, రంగులతో వచ్చి, పుర్రెను గీకేసి సాయంత్రానికల్లా అమ్మను మళ్ళీ నిలబెట్టాడు.

"డబ్బులొద్దు రెమెడియోసమ్మా. అప్పట్లో ఈ గోడ వేసినన్నాళ్ళూ నాకు రొట్టె పెట్టింది మీ అమ్మే. ఇన్నేళ్ళకి ఆ రుణం తీరింది," అన్నాడు.