మూడో కుప్ప

నర్సింగం తువ్వాలు నడుముకు బిగించి, వల తాడు భుజానికెత్తుకున్నాడు. వాచిన మోకాళ్లు, చేపపొలుసులంటిన చేతులు. పొద్దున్నుంచీ ఎడమ చెయ్యి భుజం దాకా గుంజుతోంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే సగం వాటా ఖాయం.

నిన్ననే రాయమల్లు మొహమాటపడుతూ అన్నాడు: "కాకా, నీతోని గుంజుడైతలేదు. రేపు గూడ గిట్లనే ఉంటె సగమే పెడ్త."

పడవ, వల రాయమల్లువి. వాటికి చెరో వాటా తీశాక మనిషికో కుప్ప. గోదావరిఖనిలో బొగ్గుబాయిలు తెరిచాక కుర్రాళ్లంతా జీతాలకు పోయారు. ఏటికి మిగిలింది రాయమల్లు, బుచ్చన్న, ఈ ముసలాయన.

కొత్తనీరు ఎర్రగా, చప్పుడు లేకుండా ఉబ్బుతోంది. ఒడ్డున కొంగలు లేచిపోయాయి, మళ్లీ వాలలేదు.

"ఇయ్యాల వద్దు కాకా, నీళ్లు మంచిగ లెవ్వు," అన్నాడు బుచ్చన్న.

"ఎప్పుడు మంచిగున్నయిరా? గుంజు!"

నర్సింగం పళ్లు బిగబట్టి గుంజాడు. మోకాళ్లమీద పడి, లేచి మళ్లీ గుంజాడు. ఆ మొండితనం చూస్తే నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది.

వల ఒడ్డెక్కింది. రాయమల్లు కుప్పలు పోశాడు. పంచేటప్పుడు ఒకరు చేపలకు వీపు పెట్టి కూర్చుంటారు. ఇంకొకరు కుప్పమీద చెయ్యిపెట్టి ఎవరికని అడిగితే, చూడకుండా పేరు చెప్పాలి. అప్పుడు తగువుండదు. ఏళ్లుగా ఆ పేర్లు చెప్పేది నర్సింగమే. సగం కుప్పకు మాత్రం అడగడముండదు, ఊరికే జరిపేస్తారు. అందుకే ఆయన ఏటివైపు తిరిగి, చెయ్యి రొమ్ముకు ఆనించుకుని, మూడో ప్రశ్న కోసం చెవులు రిక్కించాడు.

"గిది?"

"నీకేరా, రాయమల్లూ."

"గిది?"

"బుచ్చన్నకు." గొంతు సన్నబడింది.

మూడోది రాయమల్లు సగమే పోసి ఉంచాడు. మోకాళ్లమీద పడ్డవాడికి అంతే అనుకున్నాడు. తీరా ఆ వంగిన వీపును చూస్తే మనసొప్పలేదు. కాసేపు తటపటాయించి, తన కుప్పలోంచి చేపలు తీసి దానిమీద వేశాడు. చివరికి అన్నిట్లోకీ ఖరీదైన చేప, కొర్రమట్టను కూడా పెట్టాడు.

"గిదెవరికి కాకా?"

రాయమల్లు గొంతు పెంచాడు.

"నీదే కాకా, నిండు వాటా. పేరు చెప్పు!"

బుచ్చన్న నవ్వుతూ వెళ్లి భుజం తట్టాడు. నర్సింగం మెల్లగా పక్కకు ఒరిగిపోయాడు. తెరిచిన కళ్లు ఏటినే చూస్తున్నాయి.

ఆ ప్రశ్న ఆయన విన్నాడా? తాను తటపటాయించిన ఆ కాసేపూ రాయమల్లును బతికినన్నాళ్లూ కాల్చింది.

ఇద్దరూ ఆయన్ను మోసుకుపోయారు. ఎవరి పేరూ పడని కుప్ప ఇసుకమీదే ఉంది. పైనున్న కొర్రమట్ట ఇంకా నోరు తెరుస్తూ, మూస్తూ ఉంది.