రవ్వ పోసి చూసిన తూటాలు

గని పైకప్పు కూలి డెల్బర్ట్ కుడిభుజం నుజ్జయి రెండేళ్ళు దాటింది. రైఫిలు ఆనించుకోవడానికి ఇక భుజం లేదు. అందుకని ఎడమచేత్తో రివాల్వర్ పేల్చడం నేర్చుకున్నాడు. కిందటేడు దానితోనే ఒక జింకను కొట్టి, కొండ దిగి వచ్చేటప్పుడు ఈల వేశాడు. ఆ ఈల విని ఎన్నాళ్ళయిందోనని అతని భార్య కొరిన్ వంటింట్లో నిలబడిపోయింది.

ఈ ఏడు ఆ రివాల్వర్‌కి తూటాలు ఏ కొట్టులోనూ దొరకలేదు. పేల్చగా మిగిలిన ఇత్తడి గొట్టాలు మాత్రం కాఫీ డబ్బా నిండా ఉన్నాయి. వాటిలో మళ్ళీ తుపాకిమందు నింపి గుండు బిగించుకోవాలి. అందుకు పిడి లాగి నొక్కే ప్రెస్సు కావాలి, దానికి రెండు చేతులు కావాలి. ఆ రెండు చేతులూ కొరిన్‌వే.

ఆమె భయం ఒక్కటే. గొట్టం పొడుగు, అందులో పోసే మందు సగానికి కూడా రాదు. పొరపాటున రెండుసార్లు పోసినా పొంగదు, బయటికి తెలియదు. అలాంటి తూటా పేలితే రివాల్వరే పగిలిపోతుంది. పట్టుకున్న చెయ్యి సంగతి ఆమె తలుచుకోవడానికి కూడా ఇష్టపడలేదు.

డెల్బర్ట్ తమ్ముడు రోస్కో తన పాత ప్రెస్సు ఊరికే ఇస్తానన్నాడు. ఒక్కసారి పిడి లాగితే ఒక గొట్టంలో మందు, ఇంకోదానిలో గుండు, అన్నీ ఒకేసారి అయిపోతాయి. తర్వాత గొట్టాలు నిలబెట్టిన గుండ్రటి పళ్ళేన్ని చేత్తో ఒక గడి తిప్పాలి. తిప్పడం మరిచి మళ్ళీ లాగితే అదే గొట్టంలో రెండోసారి మందు పడుతుంది.

"గంటకి మూడొందలు రాల్తాయి వదినా."

"మీ అన్న ఏడాదికి కాల్చేది యాభై."

"అయితే పది నిమిషాల్లో అయిపోద్ది. మిగతా యాభై నిమిషాలూ నన్ను తిట్టుకో."

కొరిన్ నవ్వలేదు. శనివారం పొద్దున అతని గరాజ్‌కి వెళ్తూ గోధుమరవ్వ డబ్బా తీసుకెళ్ళింది.

"ఏంటి, జావ కాస్తావా?"

"మందు బదులు ముందు ఇది పోసి చూస్తా."

లాగింది, తిప్పింది. లాగింది, తిప్పింది. మధ్యలో పిడి ఎక్కడో పట్టేసింది. రోస్కో వచ్చి అరచేత్తో ఒక్కటి చరిచి, "ఇది మీ అన్నదమ్ముల్లాగే, తన్నితేగాని కదలదు అని మా ఆవిడంటది," అన్నాడు. కొరిన్ మళ్ళీ లాగింది.

ఇరవై తూటాలు తయారయ్యాయి. అన్నీ ఒకేలా మెరుస్తున్నాయి. కొరిన్ వాటిని చాలాసేపు చూసింది. పిడి పట్టేసినప్పుడు పళ్ళెం తిప్పిందా, లేదా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

"గుండు ఊడదీసే సుత్తి ఇటియ్యి."

"ఇరవయ్యీ ఊడదీస్తావా?"

ఒక్కొక్కటే విప్పి రవ్వను కాగితం మీద వరసగా కుప్పలు పోసింది. పదమూడో కుప్ప పక్కదానికి రెండింతలుంది.

రోస్కో టోపీ తీసి తల గోక్కున్నాడు. "రవ్వేగా వదినా."

"సోమవారం రవ్వ కాదుగా."

సోమవారం జింకల వేట మొదలు. ఊరంతా కొండెక్కుతుంది, బడులకు కూడా సెలవే.

అక్కణ్ణుంచి ఆమె తిన్నగా తుపాకి సామానమ్మే ఫౌట్ గారి కొట్టుకు వెళ్ళింది. ముసలాయన ఆమె మాటంతా విని, బల్ల కింద నుంచి ఒక పోతయినుము ప్రెస్సు ఎత్తి పెట్టాడు.

"ఇది తాబేలమ్మా. ఒకసారికి ఒక్క పనే."

"మందు కనబడుతుందా?"

ఆయన యాభై గుంతలున్న చెక్క ముక్కొకటి పక్కన పెట్టాడు. "గొట్టాలన్నీ ఇందులో నిలబెట్టు. అన్నిట్లో మందు పొయ్యి. గుండు పెట్టకముందు టార్చి వేసి చూడు. ఒకదాంట్లో మందు ఎత్తుగా ఉంటే అదే పట్టిస్తది."

"మధ్యలో ఫోను మోగితే?"

"మోగనీ. చెక్క ఎక్కడికీ పోదు."

పదమూడో కుప్ప చూశాక మొదటిసారి ఆమెకు ఊపిరి ఆడింది. కాని ఇంటికొచ్చి మందు పోశాక మళ్ళీ అదే గుబులు. టార్చితో మూడుసార్లు చూసింది. అన్నీ సమానంగానే కనిపించాయి. అయినా నమ్మకం చాలక మందంతా వెనక్కి ఒంపేసి మొదటినుంచి పోసి, ఇంకోసారి చూశాకే గుండ్లు బిగించింది.

ఆదివారం మధ్యాహ్నం కొట్టాం వెనక మట్టిదిబ్బకు గురి చూసే కాగితం తగిలించారు. డెల్బర్ట్ చెవులు మూసుకునే తొడుగు పెట్టుకుని ఎడమచెయ్యి చాచాడు.

"ఇలా తే కొరీ."

ఆమె రివాల్వర్ ఇవ్వలేదు. ఒక్క తూటా పెట్టి, తనే దిబ్బ వైపు తిరిగింది.

"నీకేమన్నా పిచ్చా? అది ఎలా తంతుందో తెలుసా నీకు?"

"వెనక్కి జరుగు."

"కొరీ."

"నీకు మిగిలింది ఒక్క చెయ్యి," అంది ఆమె తల తిప్పకుండా. "నాకు రెండున్నాయి."

డెల్బర్ట్ చాచిన చెయ్యి దించాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమె రెండు చేతులతో బిగించి పట్టుకుని ట్రిగ్గర్ నొక్కింది.

చప్పుడు కొండకు తగిలి తిరిగొచ్చింది. ఆమె ముందు చూసింది కాగితాన్ని కాదు, తన వేళ్ళను. తర్వాత రివాల్వర్‌ను తిప్పి చూసి, ఖాళీ గొట్టాన్ని బయటికి తీసింది. మందెక్కువైతే అది లోపలే ఇరుక్కునేది; తేలిగ్గా జారి అరచేతిలో పడింది, వెచ్చగా.

ఆమె ఇంకో తూటా పెట్టింది.

"అదీ నువ్వేనా?" అన్నాడు డెల్బర్ట్.

"ఇంకో నాలుగు," అంది కొరిన్. "తర్వాత ఇస్తా."