మూడు రోజుల ఉంగరం

నేను ఒక నీలం ఉంగరాన్ని. నీలమంటే నా నెత్తిన ఉన్న రాయి. ఒళ్లు మాత్రం వెండిది, అదీ పూర్తి వెండి కాదు. వెయ్యి పాళ్లలో తొమ్మిది వందల ఇరవై ఐదు పాళ్లు వెండి, మిగిలింది రాగి. వట్టి వెండి మరీ మెత్తన, రాయిని గట్టిగా పట్టుకునే ఓపిక దానికి ఉండదు. అందుకని కాస్త రాగి కలిపి గట్టిపరుస్తారు. అలా కలిపినదాన్ని మేలైనదని నమ్మించడానికి లోపలివైపు మళ్లీ అంకెల ముద్ర కొడతారు. మనుషుల పద్ధతులు నాకు ఇప్పటికీ సరిగా అర్థం కావు. అర్థం చేసుకోవాలన్న తొందర కూడా లేదు.

ముందే ఒక సంగతి చెప్పేస్తాను. నాకు నొప్పి తెలియదు. కరిగించినప్పుడు తెలియలేదు, సుత్తితో కొట్టినప్పుడూ తెలియలేదు. కాబట్టి ఈ కథలో అయ్యో పాపం అనవలసిన చోటు ఏదన్నా వస్తే అది నాది కాదు, నన్ను చేసినావిడది.

ఆవిడ పేరు కాళికాంబ. తెనాలిలో రైలు గేటుకు ఇవతలి సందులో ఉంటుంది. ఇంటి ముందుగదే కార్ఖానా, అదే అంగడి. పని తండ్రి దగ్గర నేర్చుకుంది. ఆడపిల్లకు ఈ కుంపటి పని ఏమిటని ఆ రోజుల్లో బుగ్గలు నొక్కుకున్నవాళ్లే తర్వాత ఆవిడ దగ్గర కూతుళ్లకు చెవిదిద్దులు చేయించుకున్నారు. భర్త నాగలింగాచారిది అమ్మకం. వచ్చినవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడేవాడు, ఆవిడ చేసిన ప్రతి నగకూ చివర మెరుగు పెట్టేవాడు. నేను ఆయన్ని చూడలేదు. నేను పుట్టడానికి ఐదు నెలల ముందు, మాట్లాడుతూ మాట్లాడుతూ గోడకు ఒరిగి పోయాడు. ఆయన పీట ఆవిడ పీట వెనకే ఇంకా ఉంది. దాని మీద ఇప్పుడు ఆవిడ దూది, కుంకుడుకాయల డబ్బా పెట్టుకుంటోంది.

ఆయన పోయినప్పుడు కాళికాంబ ఏడవలేదట. పదకొండో రోజున కూడా ఏడవలేదని బంధువులు చెవులు కొరుక్కున్నారట. నేను చూసినంతవరకూ ఆవిడ పొద్దున్నే లేచేది, వండేది, తినేది, పనిలో కూర్చునేది. కూరలో ఉప్పు రెండుసార్లు పడినా తినేసేది. కాఫీ పొగలు కక్కుతున్నా గ్లాసు అలాగే పట్టుకుని కూర్చునేది. వేడి తెలియడం లేదని ఆవిడకు అనిపించకపోలేదు. ఆయన పోయాక ఏదీ తెలియడం లేదు కదా, ఇదీ అందులోదే అనుకుంది. దుఃఖం ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుంది.

ఆ రోజుల్లోనే నన్ను చేసింది. మూసలో కరిగించి, కడ్డీ పోసి, పట్టెడ దిమ్మె మీద సాగగొట్టి, కమ్మచ్చు పలక చిల్లుల్లోంచి ఒకదాని తర్వాత ఒకటిగా తీగ లాగింది. తీగ వంచి రాయికి గూడు కట్టింది. గూటి చుట్టూ నాలుగు చిన్న కాళ్లు నిలబెట్టి, రాయిని కూర్చోబెట్టి, ఆ కాళ్లను ఒక్కొక్కటిగా రాయి మీదికి ఒత్తింది. తర్వాత ఆవిడ తండ్రి నేర్పిన పద్ధతి ఒకటి ఉంది. కళ్లు మూసుకుని, కుడిచేతి చూపుడువేలిని నాలుగు కాళ్ల మీదుగా మూడుసార్లు తిప్పాలి. కన్ను మోసపోతుందిగానీ వేలు మోసపోదని ఆయన అనేవాడట.

ఆవిడ మూడుసార్లూ తిప్పింది. నున్నగా ఉందనుకుని పక్కన పెట్టింది. నేను నున్నగా లేను. నా నాలుగో కాలు వెంట్రుకవాసి లేచి ఉంది, కొన సూదిలా ఉంది. ఆవిడ వేలు దాని మీదుగా మూడుసార్లు వెళ్లి, మూడుసార్లూ ఏమీ లేదని చెప్పింది. ఆవిడ వేలికి స్పర్శ పోయింది. ఆ సంగతి ఆ గదిలో నాకు తప్ప ఎవరికీ తెలియదు, నాకా నోరు లేదు.

నీలం అమ్మకానికి ఒక మర్యాద ఉంది. అది శనిగ్రహం రాయి. పడితే అందలం ఎక్కిస్తుందని, పడకపోతే ముంచుతుందని నమ్మకం. అందుకని ఎవరూ దాన్ని ఉన్నపళాన కొనరు. శనివారం నాడు తీసుకెళ్లి మధ్యవేలికి పెట్టుకుని మూడు రోజులు చూస్తారు. కలిసొస్తే ఉంచుకుంటారు, చెడు జరిగితే తిరిగి ఇచ్చేస్తారు. ఎవరి వేలికి స్థిరపడుతుందో తెలియదు కాబట్టి ఆ మూడు రోజులూ గడిచేదాకా ఉంగరం కొసలు రెండూ అడుగున అతకరు, వేలిని బట్టి వంచుకునేలా వదిలేస్తారు. నన్నూ అలాగే వదిలారు, ఇప్పటికీ అతకలేదు.

మొదట తీసుకెళ్లింది పానకాలరావు గారు. మిరపకాయల వ్యాపారి, ఏలినాటి శని నడుస్తున్న మనిషి. శనివారం పొద్దున తలంటుకుని, కొత్త పంచె కట్టుకుని వచ్చి నన్ను పెట్టుకున్నారు. అదే రోజు మనవరాలిని ఎత్తుకుంటే ఆ పిల్ల చెంప మీద ఎర్రటి గీత పడింది. ఆదివారం కొత్త పంచె పోగు లేచి వచ్చింది. సోమవారం గుళ్లో దణ్ణం పెట్టుకుంటూ కళ్లు తుడుచుకోబోతే రెప్ప గీరుకుంది. చేసిందంతా నా నాలుగో కాలే. ఆయన ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నన్ను వెలుతురులో పెట్టి చూసుకుని ఉంటే సరిపోయేది. చూడలేదు. పంచాంగం చూశారు.

మంగళవారం వచ్చి నన్ను పళ్లెంలో పెట్టేశారు.

"నాకు అచ్చిరాలేదమ్మా. మూడు రోజులు, మూడు గండాలు. పసిపిల్ల మొహం మీద కూడా చూపించాడు శనీశ్వరుడు."

కాళికాంబ నన్ను తీసుకుంది. కళ్లు మూసుకుని వేలు తిప్పింది.

"పనిలో ఏం తేడా లేదండీ. రాయే మీకు పడలా."

"పని సంగతి నాకు తెలవదా? నీ చేతిలో తేడా ఎందుకొస్తది?"

తర్వాత హైమవతి గారు తీసుకెళ్లారు. రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా, ప్రమోషను కోసం నన్ను పెట్టుకున్నారు. రెండో రోజే ఉప్పాడ చీర కొంగు నాకు తగులుకుని జానెడు చిరిగింది. ఆ చీర వదినగారిది, అడిగి తెచ్చుకున్నది. ఇద్దరికీ మాటలు పోయాయి. ఆవిడా నన్ను తెచ్చి ఇచ్చేశారు, చిరిగిన చీర కూడా వెంట తెచ్చి చూపించారు. కాళికాంబ మళ్లీ వేలు తిప్పింది, మళ్లీ రాయి పడలేదంది. ఈసారి ఆ మాట అంటున్నప్పుడు గొంతు కాస్త తగ్గింది. ఇద్దరికీ పడని రాయి ఊళ్లో మూడోవాళ్లకు అంటగట్టకూడదని, రాయిని ఊడదీసి రాళ్ల వ్యాపారికి తిరిగి పంపేద్దామని నన్ను పనిబల్ల మీద ఉంచింది. నాకు బాధేం కలగలేదు. శనీశ్వరుడి పేరు నా మూలంగా చెడుతోందే అని మాత్రం అనుకున్నాను.

రాయి ఊడదీయడానికి కూర్చున్న పొద్దుటే సుగుణకుమారి వచ్చింది. పెద్దాసుపత్రిలో నర్సు. రెండేళ్ల కిందట ఇక్కడే చేయించుకున్న ఊదారంగు రాయి ఉంగరం నల్లబడితే మెరుగు పెట్టించుకోవడానికి తెచ్చింది. మాట్లాడుతూ కాళికాంబ నన్ను అలవాటుగా చేతిలోకి తీసుకుని, నాలుగో కాలి మీదే వేలు ఒత్తి పట్టుకుంది.

"అక్కా, నీ వేలు చూడు, రక్తం!"

కాళికాంబ చూసుకుంది. చుక్కలు చుక్కలుగా పళ్లెంలో పడుతోంది. వేరేవాళ్ల వేలిని చూసినట్టు చూసింది.

"ఎప్పుడు తెగిందో మరి," అంది.

"ఎప్పుడేంటి, ఇప్పుడే! నొప్పి తెలవలా?"

"ఆయన పోయినకాడ నుంచి నాకేదీ తెలవట్లా సుగుణా."

సుగుణకుమారి లేచి నీళ్లు తెచ్చింది. ఆ వేలు కడిగి గుడ్డ కట్టింది. చీరకున్న పిన్నీసు తీసి, పీట మీద ఉన్న దూది కొంచెం తుంచుకుని ఎదురుగా కూర్చుంది. "కళ్లు మూసుకో అక్కా. నేను గుచ్చుతుంటే గుచ్చుతున్నావను, దూదితో రాస్తుంటే రాస్తున్నావను," అని రెండు చేతుల వేళ్లూ వరసగా ముట్టుకుంటూ వెళ్లింది. నేను చూస్తూనే ఉన్నాను. పిన్నీసు పెట్టింది, దూది పెట్టింది, మళ్లీ పిన్నీసు పెట్టింది. ఏడెనిమిదిసార్లు అయ్యాక కాళికాంబ కళ్లు తెరవకుండానే అంది.

"ఊఁ, మొదలుపెట్టు మరి."

సుగుణకుమారి పిన్నీసు మూసేసింది.

"షుగర్ ఎప్పుడన్నా చూపించుకున్నావా?"

"నాకేం షుగరు? ఇది దిగులమ్మా. మనసు మొద్దుబారిపోయింది."

"అది మనసుకక్కా, ఇది వేళ్లకి. రెండూ ఒకటి కాదు. ఇంతగా స్పర్శ పోవాలంటే ఐదు నెలలు చాలదు. ఎంత లేదన్నా రెండు మూడేళ్ల నుంచి పోతూ వచ్చుంటది."

అప్పుడు కాళికాంబకు కోపం వచ్చింది. నేను పుట్టాక ఆవిడకు కోపం రావడం అదే మొదలు.

"రెండేళ్ల నుంచా? రెండేళ్ల కింద నీ ఉంగరం చేసిందెవరు? ఏదీ, ఇటివ్వు. ఎక్కడన్నా గరుకుందేమో నీ వేలుతోనే చూసుకో. స్పర్శ లేని చెయ్యేనా ఇది చేసింది?"

సుగుణకుమారి తడిమి చూసి, నున్నగానే ఉందని ఒప్పుకుంది. అక్కడితో ఆగినా బాగుండేది. పూర్తిగా రుజువు చేయాలని కాళికాంబ భూతద్దం తీసి కంటికి పెట్టుకుంది, ఆ ఉంగరం కాళ్ల కొనలు చూసింది. చూసి, ఉంగరం తిప్పి మళ్లీ చూసింది.

ఆకురాయితో రాస్తే లోహం మీద సన్నని గీతలు పడతాయి. మెరుగు పెట్టినా భూతద్దంలో కాస్త మిగులుతాయి. కుడిచేత్తో రాసిన గీతలు ఒక పక్కకు వాలితే, ఎడమచేత్తో రాసినవి రెండో పక్కకు వాలతాయి. ఆ ఉంగరం ఒంటి మీదివన్నీ కాళికాంబ గీతలే. కాళ్ల కొనల దగ్గర మాత్రం, నాలుగింటి మీదా, వాటికి అడ్డంగా వేరే గీతలు ఉన్నాయి.

ఆవిడ భూతద్దం దించింది.

"మా ఆయనది ఎడమచేతి వాటం," అంది.

మెరుగు పెట్టకుండా ఆ ఉంగరాన్ని కొన్నాళ్లు తన దగ్గరే ఉంచమని అడిగింది. సుగుణకుమారి సరేనంది, సోమవారం ఆసుపత్రికి తీసుకెళతానని చెప్పి వెళ్లింది. ఆ మధ్యాహ్నం కాళికాంబ అరలో ఉన్న నగలన్నీ బయటికి తీసింది. రెండేళ్ల కిందటి ముక్కుపుడక, నిరుడు చేసిన పగడం లాకెట్టు, ఎవరో తీసుకెళ్లకుండా వదిలేసిన ముత్యాల దిద్దులు. ఒక్కొక్కటి భూతద్దం కింద పెట్టి చూసింది. అన్నిటి మీదా ఎడమచేతి గీతలున్నాయి. మెరుగు పెట్టే నెపంతో ఆయన ఆవిడ వెనక కూర్చుని ప్రతి కాలూ దిద్దాడు. ఆవిడకు తెలియనివ్వలేదు. ఆయన పోయాక ఎవరూ దిద్దకుండా బయటికి వెళ్లిన మొదటి రాళ్ల నగను నేను. అంతా చూశాక ఆవిడ నగలన్నీ అరలో సర్దేసి, ఎసట్లో బియ్యం పోసింది. ఏడవలేదు. నాకు అది కొత్తగా అనిపించలేదు, నేనూ ఏడవను కదా.

సోమవారం ఆసుపత్రిలో షుగరు ఉందన్నారు, మందులు రాశారు. వేళ్లకు పోయిన స్పర్శ మళ్లీ వస్తుందని మాత్రం ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఆ వారంలోనే పానకాలరావు గారు మళ్లీ వచ్చారు. సిద్ధాంతి గారు నీలం బదులు పగడం పెట్టుకోమన్నారట. గుమ్మంలో చెప్పులు విడిచి, లోపలికొచ్చి కూర్చుని, పళ్లెంలో ఉన్న నన్ను చూసి కాస్త పక్కకు జరిగారు. నా చూపు పడినా ప్రమాదమేనని కాబోలు.

"నేను పొదగనండీ," అంది కాళికాంబ. "ఇంకెక్కడన్నా చేయించుకోండి."

"అదేంటమ్మా?"

"ఆ రోజు మీ మనవరాలి చెంప గీరుకుంది శనీశ్వరుడి వల్ల కాదు. ఆ ఉంగరానికి కాలు లేచుంది. నా వేలికి తెలవలా. తప్పు నాది."

ఆయన నవ్వేశారు. నిజంగానే నవ్వారు.

"భలేదానివమ్మా! రాయి పరువు కాపాడ్డానికి నీ మీదేసుకుంటున్నావా? నా పెళ్లికి మా ఆవిడ మెట్టెలు మీ నాన్నగారే చేశారు. మా పిల్లల నగలన్నీ నువ్వే చేశావు. ఒక్కటంటే ఒక్కటి గీరుకున్నట్టు ఎవరన్నా అన్నారా? ఈ ఊళ్లో నీ చెయ్యంత మంచి చెయ్యి ఉందా?"

కాళికాంబ తన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. వేలికి గుడ్డ ఇంకా అలాగే ఉంది.

"రెండేళ్లుగా ఆ చెయ్యి నాది కాదండీ. మా ఆయనది."

ఆయన నవ్వు ఆగిపోయింది.

"నా ఎనకాలే కూర్చుని, నేను చెడగొట్టినయ్యన్నీ దిద్దాడు. ఒక్కసారి కూడా చెప్పలేదండీ నాతో. ఒక్కసారన్నా చెప్పుంటే..."

వెనక్కి తిరిగి, పీట మీది డబ్బా, దూది పక్కకు నెట్టి, ఖాళీ అయిన ఆ పీట మీద తల పెట్టుకుని ఏడ్చింది. చాలాసేపు, గట్టిగా, సందులోకి వినబడేలా ఏడ్చింది. పానకాలరావు గారు లేచి నిలబడ్డారు, కూర్చున్నారు, మళ్లీ లేచి మంచినీళ్లు తెస్తానంటూ ఆవిడ వంటింట్లోకే వెళ్లారు.

నేను పళ్లెంలో ఉన్నాను. నా నాలుగో కాలు ఇంకా లేచే ఉంది. దాన్ని దిద్దే మనిషి ఆ ఇంట్లో లేడు.